పాల పంపూ, పదకొండు గంటల పాఠమూ

మార్చి 3, సోమవారం

మావాడికి మాటిచ్చాను. పాపకి ఆరు నెలలు నిండేదాకా కోడలికి ఒక్క సలహా కూడా ఇవ్వనని. నోటికి తాళం వేసుకున్నాను. చేతికి కూడా వేసుకోమని వాడు అడగలేదు. అందుకే ఈ నోటుబుక్కు.

ఇంతకీ నేను చేసిన నేరం ఏమిటంటే, నిన్న పాప ఏడుస్తోంది. ఇంట్లో అందరం దాన్ని దొరసాని అంటాం. మూడున్నర నెలలకే ఆ దర్జా ఉంది మరి. కోడలేమో పాలు రావడం లేదని చెమటలు కక్కుతోంది. నేను అన్నదల్లా ఇదే: "కంగారుపడకమ్మా. మా కేంద్రం దగ్గర గేదె కూడా అంతే, బెదిరితే చేపదు, పాలు కిందికి దిగనివ్వదు. నిమ్మళంగా కూర్చో, దానంతటదే వస్తుంది."

ముప్ఫై ఒక్క ఏళ్లు పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసిన మనిషిని. నేను చెప్పింది శాస్త్రం. కోడలికి వినపడింది మాత్రం ఒక్క ముక్క. గేదె.

సాయంత్రం మావాడు నన్ను వరండాలోకి పిలిచి, "అమ్మా, తను ఇంకో మూడు వారాల్లో పనికి వెళ్లాలి. ఇప్పటికే బెంగగా ఉంది. నువ్వు దయచేసి..." అని ఆగిపోయాడు. వాక్యం పూర్తి చేసే ధైర్యం వాడికి చిన్నప్పటినుంచీ లేదు. నేనే పూర్తి చేసి మాటిచ్చాను.

కోడలు డ్రైవింగు స్కూల్లో టీచరు. ఉదయం ఎనిమిది నుంచి రెండింటిదాకా కార్లోనే ఉంటుంది, ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు. అక్కడ పాలు తియ్యాలంటే పంపు కావాలి. ఏ పంపు కొనాలన్నది వాళ్లిద్దరి విషయం. నేను జోక్యం చేసుకోను.

మార్చి 5, బుధవారం

పంపులు చూడటానికి మందుల షాపుకి వెళ్లాం. నేను ఊరికే తోడు వెళ్లాను.

షాపతను మా వంక చూడకుండా, "ఆ వస్తువు కావాలాండీ?" అన్నాడు.

"ఏ వస్తువు?" అన్నాను. ప్రశ్న సలహా కాదు.

పాపం, అతని చెవులు ఎర్రబడ్డాయి. దొంగసరుకు తీసినట్టు కౌంటరు కింది నుంచి ఒక డబ్బా తీశాడు. గాజు గరాటు, దాని వెనక నారింజపండంత రబ్బరు బుడ్డి. అన్నింట్లోకీ చవకైనది అదేనట. సైకిలు హారన్ లాగుంది. నిజంగానే హారనేమోనని ఒకసారి నొక్కి చూశాను. బుయ్‌మంది. దగ్గుమందు కోసం వచ్చిన ముసలాయన పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"మామ్మగారూ, నొక్కకండి," అన్నాడు షాపతను.

సరిగ్గా వినపడక ఇంకోసారి నొక్కాను.

కోడలు నవ్వాపుకోవడం చూశాను. ఈ వారంలో అదే మొదటిసారి. ఆ హుషారులో బుడ్డి లోపలికి తొంగి చూశాను. పాలు నేరుగా అందులోకే వెళ్తాయి. వేలు దూరదు, బ్రష్షు దూరదు. బ్రష్షు దూరని చోట పాలు పోస్తే ఏమవుతుందో మా కేంద్రంలో కొత్తగా చేరిన స్వీపరుకి కూడా తెలుసు.

"దీని లోపల కడగడం ఎలా బాబూ?" అన్నాను.

"నీళ్లు పోసి ఆడిస్తే చాలండీ."

నేనేమీ అనలేదు. ఒక నిట్టూర్పు విడిచాను, అంతే. కోడలు డబ్బా మూసి అతనికి తిరిగిచ్చేసింది.

మార్చి 6, గురువారం

నిట్టూర్పు కూడా సలహా కిందికే వస్తుందట. మావాడు చెప్పాడు.

మార్చి 8, శనివారం

మావాడు సరుకు గోదాములో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. మధ్యాహ్నం షిఫ్టు. దేనికైనా పట్టిక గీస్తే గానీ వాడికి నిద్ర పట్టదు. పెళ్లిచూపులప్పుడు కూడా గీశాడు. అది కోడలికి తెలియదు, ఇక్కడ తప్ప నేనెక్కడా చెప్పను.

ఇవాళ పదకొండు పంపుల పట్టిక తెచ్చాడు. లాగే బలం, చప్పుడు, బరువు, బ్యాటరీ, గ్యారంటీ. అన్నింటికీ మార్కులు వేశాడు. మొదటి ర్యాంకు ఒక జంట మోటారు పంపుకి వచ్చింది. రెండువైపులా ఒకేసారి లాగుతుంది, ఫోనుతో మాట్లాడుతుంది, ఎన్ని చుక్కలొచ్చాయో గ్రాఫు గీస్తుంది. గ్రాఫు అనగానే వాడి మొహం చూడాలి!

కోడలు ధర చూసింది. "నా నెల జీతం ఈ మిషనే తాగేస్తే, పాపకి నేనేం తాగించాలి?"

"ఆరోగ్యం విషయంలో డబ్బు చూడకూడదు," అన్నాడు వాడు.

"అయితే నీ బైకు అమ్ముదాం."

పట్టికలో ధరకి కూడా మార్కులు వెయ్యాలని వాడికి అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ర్యాంకు ఏడో స్థానానికి పడిపోయింది. ఏదో మహా ఆలోచన తట్టినట్టు, "మా అత్త కూతురు వాడిన పంపు ఉంది కదా! మూలన పడుంది. ఊరికే ఇస్తుంది," అన్నాడు.

ఊరికే అన్న మాట వింటే వాడికి గ్రాఫు కూడా అక్కర్లేదు.

మార్చి 9, ఆదివారం

మా ఆడపడుచు కూతురు వాడిన పంపు వచ్చింది. వీధి చివర దాకా వినిపించే మోటారు. ముందు దాన్ని పరీక్షించాలని మావాడు గరాటుని తన బుగ్గకి పెట్టుకుని స్విచ్చి వేశాడు. కట్టెయ్యడానికి బటన్ దొరకలేదు.

బుగ్గ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి గుండ్రం. రేపు గోదాములో ఏం చెప్పుకుంటాడో.

"లాగే బలం బాగుంది," అన్నాడు, బుగ్గ రుద్దుకుంటూ.

మార్చి 10, సోమవారం

ఆ పంపుకున్న సన్నటి గొట్టం నా కంట్లో పడింది. వెలుతురుకి పెట్టి చూశాను. లోపల అక్కడక్కడా నల్లటి చుక్కలు. ఆ అమ్మాయి పాలు ఎప్పుడో గొట్టంలోకి ఎగబాకి, ఎండిపోయి, బూజు పట్టాయి. గొట్టమే ఇలా ఉంటే మోటారు లోపల ఎలా ఉందో ఎవరు చూడొచ్చారు?

నేను మాటిచ్చిన మనిషిని. ఏమీ అనలేదు. ఒక గాజు గ్లాసులో వేణ్నీళ్లు పోసి, గొట్టం ముంచి, భోజనాల బల్ల మధ్యలో పెట్టాను. పక్కనే పాత భూతద్దం కూడా. దుమ్ము దులుపుతూ అక్కడ మర్చిపోయాను, మరేం కాదు.

కోడలు చూసింది. నల్లటి తుక్కు నీళ్లలో తేలుతోంది. మావాణ్ని పిలిచి భూతద్దం చేతికిచ్చింది. వాడు చాలాసేపు చూసి, తర్వాత నా వంక చూశాడు.

"అమ్మా."

"నేనేమన్నాను?"

పంపు సాయంత్రమే వెనక్కి వెళ్లిపోయింది.

మార్చి 12, బుధవారం

చేతి పంపు కొన్నారు. కోడలే ఎంచుకుంది. మోటారు లేదు, వైరు లేదు, గొట్టం లేదు. గరాటు, సీసా, నొక్కడానికి ఒక పిడి. మొత్తం ఐదు ముక్కలు, ఐదింటిలోనూ బ్రష్షు దూరుతుంది. పట్టికలో దీని స్థానం పదకొండు. కార్లో ప్లగ్గు పెట్టుకునే చోటు ఎలాగూ ఉండదు కాబట్టి దానికిదే సరి. పిల్ల బుర్ర పాదరసం. ఈ మాట దానితో అంటే మెచ్చుకోలు కూడా జోక్యమే అంటారేమోనని అనలేదు.

మధ్యాహ్నం మొదటిసారి వాడింది. గదిలోంచి "స్స్" మని వినిపించింది. అరగంట తర్వాత బయటికొచ్చింది. సీసా అడుగున చెంచాడు పాలు.

మార్చి 13, గురువారం

రెండు చెంచాలు. కంటినిండా నీళ్లు.

మార్చి 14, శుక్రవారం

పాప తాగితే గుటకలు వినపడేంత పాలు. పంపు పెడితే లేవు. ఇవాళ కోడలు పంపు కడుగుతుంటే చూశాను. చొక్కా మీద చిన్న నెత్తుటి మరక ఉంది. తర్వాత మంచం మీద కూర్చుని మావాడితో అంటోంది: "నాకు పాలు ఎండిపోతున్నాయేమో. లేకపోతే ఈ ఉద్యోగం నాకు రాసిపెట్టి లేదేమో. స్కూలుకి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

ఎనిమిదేళ్లుగా చేస్తోంది ఆ పని. స్టీరింగు పట్టుకోవడానికి వణికిపోయే ఆడవాళ్లని ఎంతమందిని రోడ్డు మీదికి తెచ్చిందో. దాని మొహం అలా చూడలేకపోయాను.

జబ్బేంటో నాకు తెలుసు. పాలు పితికే మిషను మా కేంద్రానికి కొత్తగా వచ్చినప్పుడు అచ్చం ఇలాగే అయింది. పొదుగుకి తగిలించే కప్పు వదులుగా ఉంటే పైపైకి పాకి, చుట్టూ ఉన్న చర్మాన్ని కూడా లోపలికి లాగి నొక్కేస్తుంది. నొప్పి పుడుతుంది, పాలు ఆగిపోతాయి. చిన్న కప్పు వేస్తే బిందె నిండింది. పాలు ఎక్కడికీ పోలేదు. గరాటు పెద్దదైంది, అంతే.

అంతే. కానీ చెప్పడం ఎలా? ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి గేదె దగ్గరికే వస్తోంది.

మార్చి 15, శనివారం

పంపు డబ్బా మీద ఫోన్ నంబరుంది. సందేహాలుంటే పిలవమని రాసుంది. నాకు సందేహాలు లేవు, సమాధానాలే ఉన్నాయి. అయినా పిలిచాను. కోడలు స్నానానికి వెళ్లింది, మావాడు కూరగాయలకి వెళ్లాడు.

"చెప్పండి మేడమ్, ఏం సహాయం కావాలి?" తియ్యటి గొంతు.

"నేను బాలింతనమ్మా," అన్నాను. గొంతు వీలైనంత సన్నం చేశాను. "మీ పంపు గరాటు పెద్దదైపోయింది. చిన్నది కావాలి."

"తప్పకుండా మేడమ్. పాప వయసెంత?"

"మూడున్నర నెలలు."

"మీ వయసు?"

"అరవై మూడు."

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"కిలోలు," అన్నాను. "బరువు అడిగావనుకున్నాను. వయసు ఇరవై ఎనిమిది."

"సరే మేడమ్. మొదటి కాన్పేనా?"

"అవునమ్మా. ఒక్కడే కొడుకు."

"పాప అన్నారు కదా?"

దొంగకి తేలు కుట్టినట్టయింది. "గొంతు సరిగా వినపడటం లేదు," అన్నాను. దానికి వినపడటం లేదో నాకు వినపడటం లేదో స్పష్టంగా చెప్పలేదు. బిల్లు నంబరు అడిగితే చదివి చెప్పాను. ఏ సైజు కావాలో కొలిచి చెప్పాలట. మా సలహాదారు ఫోన్ చేస్తారు మేడమ్ అని పెట్టేసింది.

ఫోన్ నాకే చేస్తారు కదా. నా నంబరుతోనే మాట్లాడాను.

మార్చి 17, సోమవారం

నా నంబరుకి చెయ్యలేదు. పంపు కొన్నప్పుడు మావాడు రాసిచ్చిన నంబరు కోడలిది. దానికే చేశారు. అది భోజనం చేస్తూ స్పీకరులో పెట్టింది.

"మేడమ్, శనివారం మీరు గరాటు పెద్దదని ఫోన్ చేశారు కదా? అరవై మూడు కిలోలని రాసుంది."

"నేనా? నేను చెయ్యలేదండీ. నా బరువు అంత లేదు."

నేను మంచినీళ్లు తాగుతున్నాను. పొలమారింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను కాదు," అన్నాను. నన్నెవరూ అడగలేదు.

కోడలు నా వంక చూసింది. ఫోన్ పెట్టెయ్యలేదు. ఆవిడ చెప్పేదంతా విని, స్కేలు పట్టుకుని గదిలోకి వెళ్లింది. పది నిమిషాల తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రెండు సైజులు చిన్నది కావాలట. మీకెలా తెలుసు అత్తయ్యా?"

"చెప్పకూడదు. మాటిచ్చాను."

"ఆ మాట తీసుకుంది మీ అబ్బాయి. నేను కాదు."

"చెప్తే మళ్లీ గేదె వస్తుందమ్మా."

అది నన్నే చూస్తూ ఉంది. పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. "రానివ్వండి. గేదె వచ్చినా పర్లేదు, పాలు వస్తే చాలు."

చెప్పాను. మిషను సంగతి, కప్పు సంగతి, గేదె సంగతి. ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. ఎవరికీ చెప్పనిది కూడా చెప్పేశాను. మావాడు పుట్టిన నలభయ్యో రోజున నేను డ్యూటీలో చేరాను. ఇంటి దగ్గర మా అత్తగారు వాడికి గేదెపాలు పట్టేది. కేంద్రంలో నాకు గుండెలు రాళ్లయ్యేవి. పాలు చల్లబరిచే గది వెనక్కి వెళ్లి, గోడకి ఆనుకుని, చేత్తో పిండి కాలవలో పోసేదాన్ని. గోడకి అటువైపు వేల లీటర్లు. ఒక్కో క్యానుకీ వెన్న ఎంతో, నీళ్లెంతో రాసేదాన్ని. నావి రాసేవాళ్లు లేరు. నెల తిరిగేసరికి ఎండిపోయాయి.

"ఒక్క సీసా పట్టి ఇంటికి పంపొచ్చని అప్పుడు నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నాను.

కోడలు నా కంచంలో పెరుగు వేసింది, నేను వద్దన్నా.

మార్చి 18, మంగళవారం

షాపతను చిన్న గరాటు తెప్పించాడు. ఈసారి చెవులు ఎర్రబడలేదు. కోడలే సైజు నంబరు గట్టిగా చెప్పింది, క్యూలో ముగ్గురున్నా.

మధ్యాహ్నం గదిలోంచి "స్స్" వినపడలేదు. పావుగంటలో తలుపు తీసింది. సీసాలో సగం పైన! ఇద్దరం దాన్ని వెలుతురుకి పట్టి చూశాం. చెయ్యి ఊరుకోక పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు తెచ్చాను.

"అత్తయ్యా, వద్దు," అంది.

"సరదాకి."

"వద్దు."

పెట్టెలో పెట్టేశాను.

మార్చి 21, శుక్రవారం

పంపు దొరికింది, పాలు దొరికాయి, ఇప్పుడు టైము దొరకడం లేదు.

కోడలు స్కూలు ఓనరుని కలవడానికి వెళ్లింది. నేర్పే కారుకి రెండు బ్రేకులుంటాయి, ఒకటి నేర్చుకునేవాళ్లకి, ఒకటి టీచరుకి. ఆ స్కూల్లో ఓనరే మూడో బ్రేకట. టీచర్లందరూ ఆయన్ని అలాగే అంటారు.

"పదకొండింటికి అరగంట బండి ఆపుకుంటాను సార్ అన్నాను," అని చెప్పింది, చెప్పులు విప్పకుండానే. "బండి నడిస్తే పాఠం, ఆగితే నష్టం అన్నారు. ఆ గంటకి ఎవరూ రాకపోతే ఆపుకోవచ్చు కదా అంటే, ఆ గంట ఖాళీగా ఉండనిస్తానా, బోలెడుమంది క్యూలో ఉన్నారు అన్నారు."

ఆరు గంటలపాటు తియ్యకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు, దానికీ తెలుసు. మావాడు పట్టిక గియ్యబోయాడు. ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

మార్చి 22, శనివారం

ఇవాళ కొంచెం పని మీద బయటికి వెళ్లాను.

డ్రైవింగు స్కూలు ఆఫీసు చిన్న గది. గోడ మీద బోర్డు, దాని మీద గంటల గళ్లు. కోడలి వరసలో సోమవారం నుంచి పదకొండు గంటల గడి ఖాళీగా ఉంది. మూడో బ్రేకుకి మొహంలోకన్నా మీసాల్లోనే కండ ఎక్కువ.

"ఎవరికి నేర్పించాలి మామ్మగారూ? మనవడికా?"

"నాకే."

"మీకా? ఈ వయసులో మీకెందుకండీ?"

"వయసైపోయాక నేర్చుకుంటే ఎలా? అందుకే ఇప్పుడు వచ్చాను. పదకొండు గంటలకి కావాలి. అంతకు ముందైతే కాళ్లు పట్టేస్తాయి, తర్వాతైతే కళ్లు మండుతాయి. టీచరు ఆడమనిషి కావాలి. మగవాళ్లు అరుస్తారు."

ఆయన ఇరవై పాఠాలకి డబ్బు తీసుకుని ఆ గడిలో నా పేరు రాశాడు. ఎవరి అత్తగారినో అడగలేదు, నేను చెప్పలేదు. మొదటి ర్యాంకు పంపు కొననందుకు మిగిలింది కాస్తా అక్కడే ఖర్చయింది.

ఇంటికొచ్చి రసీదు బల్ల మీద పెట్టాను. కోడలు చదివి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. మావాడు రసీదు మూడుసార్లు చదివాడు.

"పంపు చవగ్గా వచ్చిందనుకున్నానే!"

"పంపు చవకేరా," అన్నాను.

నాకేమీ డ్రైవింగు మీద మోజు లేదు. కారు ఆగుంటే చాలు. ఊరికే కూర్చుని వస్తాను.

మార్చి 24, సోమవారం

ఉదయం దొరసానిని నిద్రపుచ్చి, మావాడికి అప్పగించి బస్సెక్కాను. వాడు రెండింటిదాకా ఇంట్లోనే ఉంటాడు. స్కూలు వెనక నేర్పే మైదానం ఉంది. కోడలు కారుని చివరి గోడ పక్కన ఆపింది. తను టీచరు సీట్లో, నేను స్టీరింగు ముందు. తను శాలువా కప్పుకుంది. నేను అద్దంలోంచి కాపలా. కిచ్, కిచ్ అని పిడి చప్పుడు. ఇరవై నిమిషాల్లో సీసా నిండింది. మంచుగడ్డల సంచీలో పెట్టి నాకిచ్చింది.

"ఇంకా అరగంట ఉంది," అంది. "డబ్బు కట్టారుగా. తాళం తిప్పండి."

"నాకెందుకమ్మా..."

"అత్తయ్యా, తాళం."

తిప్పాను. కారు ఒక్క గెంతు గెంతి చచ్చిపోయింది. పదకొండుసార్లు చచ్చిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కావిడ కింద పెట్టుకోండి, చోటుంది కదా అంది. పెట్టలేదు. ఇల్లు చేరేదాకా రెండు చేతులూ తియ్యలేదు.

దొరసాని ఆ సీసా అలవోకగా తాగేసి, ఇంకా ఏదీ అన్నట్టు చూసింది.

మార్చి 27, గురువారం

పాలు బాగున్నాయి. క్లచ్ బాగోలేదు. కోడలు కార్లో వేరే మనిషి. గొంతు పెంచదు, కానీ ఒక్క అక్షరం ఎదురు చెప్పనివ్వదు. "కిందికి చూడకండి. ముందుకి చూడండి. గేరు మిమ్మల్ని కరవదు." నేను మూడు రోజులుగా దానికి ఒక్క సలహా ఇవ్వలేదు. మాటిచ్చినందుకు కాదు. భయానికి నోరు పెగల్లేదు.

మార్చి 28, శుక్రవారం

గరిటె తిప్పుతూ రెండో గేరు వేశాను. మావాడు చూడలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

కొంప మునిగిందనుకున్నాను.

పదకొండుంపావు. కారు గోడ పక్కన. కోడలు శాలువా కింద పనిలో ఉంది. అద్దంలో మీసాలు కనపడ్డాయి. మూడో బ్రేకు మైదానం దాటుకుంటూ నేరుగా మా వైపే వస్తున్నాడు.

"అమ్మాయ్!" అన్నాను. అప్పటికే ఆయన వెనక తలుపు తీసి కూర్చున్నాడు.

"వారం రోజులుగా చూస్తున్నాను. ఈ బండి ఇక్కడే ఆగి ఉంటోంది. పాఠం ఏదీ? నడపండి మామ్మగారూ, చూద్దాం."

కోడలు నిటారుగా కూర్చుంది. మెడదాకా శాలువా. నా వంక చూసింది. దాని మొహంలో రంగు లేదు. ఎనిమిదేళ్ల ఉద్యోగం ఆ శాలువా కింద ఉంది.

నాకు ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తాళం తిప్పాను. క్లచ్ నొక్కాను, గేరు వేశాను, మెల్లగా వదిలాను. కారు చావలేదు! కదిలింది. పది రోజుల్లో ఒక్కసారి కూడా అలా కదల్లేదు. గోడ వెంబడే వెళ్లాం, మలుపు తిరిగాం, రెండో గేరు వేశాను. కోడలు కాలు తన బ్రేకు మీద ఉంది కానీ నొక్కలేదు. మైదానంలో మేం తప్ప ఎవరూ లేరు.

అప్పుడు వినపడింది. కిచ్.

తిరిగి చూడలేదు, ముందుకి చూడమంది కదా. కిచ్, కిచ్. మధ్యలో ఆపితే మళ్లీ చేపుకి రావడం కష్టం. అది ఆపదల్చుకోలేదు.

"ఆ చప్పుడేంటి? సస్పెన్షనా?" అన్నాడు ఆయన.

"కాదు సార్," అంది కోడలు, నేను పాఠంలో వినే గొంతుతోనే. "పంపు."

"పెట్రోలు పంపా?"

"పాల పంపు సార్. పాపకి. పదకొండింటికి అరగంట కావాలని అడిగింది ఇందుకే. ఈవిడ మా అత్తగారు. ఆ గంటకి డబ్బు కట్టారు. మీకు నష్టం లేదు."

అద్దంలో మీసాలు కిటికీ వైపు తిరిగాయి. నేను రెండో మలుపు తిరిగాను. తిప్పాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువే తిప్పాను.

"మామ్మగారూ," అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని, "రోడ్డు చూసి నడపండి."

ఆఫీసు ముందు ఆపమన్నాడు. ఆపాను. దిగాడు. తలుపు మెల్లగా వేశాడు. వెళ్తూ వెళ్తూ మా వైపు చూడకుండానే చెయ్యెత్తాడు. దీవెనో, వీడ్కోలో, ఇంక చాలనో.

ఇద్దరం ఒకరి వంక ఒకరం చూసుకున్నాం. అప్పుడు మొదలైంది నవ్వు. సీసా ఒలికిపోతుందేమోనని కోడలు శాలువా పట్టుకుని నవ్వింది.

ఏప్రిల్ 3, గురువారం

బోర్డు మీద పదకొండు గంటల గడిలో నా పేరు తుడిచేసి ఉంది. ఆ చోట "టీచరు విరామం, అరగంట" అని రాసుంది. మిగతా అరగంటకి ఇంకెవరి పేరో ఉంది. నా మిగతా పాఠాల డబ్బు కవరులో పెట్టి కోడలికి ఇచ్చాడట. ఇంకో టీచరుకి కూడా పాలు మానని రెండేళ్ల పిల్లాడున్నాడట, ఆ అమ్మాయి వచ్చి కోడల్ని కావిలించుకుందట.

"ఇక మీరు ఎండన పడి రానక్కర్లేదు అత్తయ్యా," అంది సాయంత్రం. "సీసా నేనే తెస్తాను, మంచుసంచీలో ఉంటుంది కదా."

"మంచిదే కదా," అన్నాను. "నాకూ బస్సు తిప్పలు తప్పాయి."

మంచిదే. నేను కోరుకుంది అదే. పంపు కుదిరింది, విరామం కుదిరింది, ఉద్యోగం నిలిచింది. అన్నీ కుదిరాయి. రాత్రి మెతుకు సహించలేదు. ఎండదెబ్బ అయి ఉంటుంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

పాఠానికి వేసుకెళ్లే బూట్లు ఊరికే వేసుకుని వరండాలో కూర్చున్నాను. కాళ్లకి మంచిదని.

రెండున్నరకి కోడలు వచ్చింది. స్కూలు కార్లోనే వచ్చింది, సర్వీసింగుకి ఇవ్వాలట. గేటు ముందు ఆపి, సీసా సంచీ మావాడి చేతికిచ్చింది. వాడు అప్పటికే షిఫ్టుకి ఆలస్యమై, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పరుగెత్తాడు. కోడలు దొరసానిని ఎత్తుకుని పాలిచ్చింది. పడుకోబెట్టింది. పక్కింటావిడని పిలిచి కాసేపు చూస్తుండమంది.

నా ముందుకొచ్చి నా బూట్ల వంక చూసింది. కవరు నా ఒళ్లో పడేసింది.

"ఇది మీరే ఉంచుకోండి. మూడో బ్రేకు దగ్గర కాదు, నా దగ్గర నేర్చుకోండి. సాయంత్రాలు. ఫీజు లేదు."

"నాకెందుకమ్మా ఈ వయసులో..."

"అత్తయ్యా," అంది, కార్లో గొంతుతో. "రివర్సు ఇంకా నేర్పలేదు. లేవండి."

లేచాను. ఇంటి వెనక సందులో గోడదాకా మూడుసార్లు వెనక్కి వెళ్లాం. రెండుసార్లు తను బ్రేకు వేసింది. మూడోసారి నేనే వేశాను.